ఎత్తు మార్చుకునే బండి: ఆఫ్‌రోడ్ వాహనాల్లో హైడ్రాలిక్ సస్పెన్షన్ పనితీరు

చైత్ర పౌర్ణమి ముందువెనుకల సలేశ్వరం జాతర జరిగే రోజుల్లో, శ్రీశైలం రహదారి మీద ఫరహాబాద్ దగ్గర నల్లమలలోకి మళ్లే మట్టి దారిన జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు, పికప్ బండ్లు బారులు తీరి రాంపూర్ పెంట వైపు సాగుతాయి. ఆ దారిలో చాలాచోట్ల చక్రాలు తొక్కి తొక్కి రెండు గాడులు పడతాయి, వాటి నడుమ రాళ్లు పొదిగిన మట్టి గట్టు ఎత్తుగా మిగిలిపోతుంది. జనాన్ని దించి ఖాళీగా తిరిగొచ్చే జీపు ఆ గట్టును ముట్టుకోకుండా దాటిపోతుంది. అదే జీపు పన్నెండు మందిని ఎక్కించుకొని అదే చోటికి వచ్చేసరికి వెనుక భాగం కుంగుతుంది, అడుగు రాతికి గీసుకొని గరగరమంటుంది. బండి మారలేదు, దారి మారలేదు, టైర్లూ మారలేదు. మారింది బరువు ఒక్కటే. ప్రచార పత్రాల్లో మిల్లీమీటర్ల లెక్కన అచ్చయ్యే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం) ఎంత బరువు మీద కొలిచిన అంకె అన్నది ఇలాంటి చోటనే అసలు ప్రశ్న అవుతుంది.

బండి ఒంటికీ చక్రాలకూ నడుమ ఉండి బరువు మోస్తూ కుదుపును మింగే ఏర్పాటు సస్పెన్షన్. నూనె పీడనంతో ఎత్తు మార్చుకునే హైడ్రాలిక్ సస్పెన్షన్ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా అందరి దృష్టీ మీట నొక్కగానే బండి పైకి లేవడం మీదే నిలుస్తుంది. చూడటానికి అది ముచ్చటగానే ఉంటుంది. అయితే ఈ వ్యవస్థను కనిపెట్టిన వాళ్లు మొదట పరిష్కరించదలచుకున్న చిక్కు వేరు: బరువు పెరిగినా తగ్గినా బండి ఒకే ఎత్తున నిలవాలి, అదే సమయంలో కుదుపును మెత్తగా మింగాలి. పైకి లేవడం ఆ పరిష్కారంతో పాటు వచ్చిన అదనపు సౌకర్యం మాత్రమే. ఈ వరుసను గుర్తుపెట్టుకుంటే ఈ వ్యవస్థ బలమూ, దాని హద్దులూ, దానికయ్యే ఖర్చూ తేలిగ్గా అర్థమవుతాయి.

మామూలు ఉక్కు స్ప్రింగుకు ఒకే పనిలో రెండు బాధ్యతలు అప్పగిస్తారు. అది బరువును మోయాలి, రోడ్డు ఎగుడుదిగుళ్లకు వంగి లేవాలి. కాయిల్ స్ప్రింగు అయినా, లారీలకూ పికప్‌లకూ ఉండే కమాన్ కట్ట అయినా ఈ విషయంలో ఒకటే. ఉదాహరణకు వెనుక ఉన్న రెండు స్ప్రింగుల్లో ఒక్కొక్కటి నాలుగు కిలోల బరువుకు ఒక మిల్లీమీటరు చొప్పున కుంగుతుందని అనుకుంటే, వెనుక ఇరుసు మీద 400 కిలోల వడ్ల బస్తాలు వేయగానే ఒక్కో స్ప్రింగు మీద 200 కిలోలు పడి బండి వెనుక భాగం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు దిగుతుంది. దీనికి పల్లెల్లో అందరికీ తెలిసిన మందు కమాన్ కట్టకు ఒక పట్టీ ఎక్కువ వేయించడం. పట్టీ పెరిగితే బండి కుంగడం తగ్గుతుంది కానీ, బస్తాలు దించి ఖాళీగా వచ్చేటప్పుడు ప్రతి గుంతకూ వెనుక భాగం ఎగిరిపడుతుంది, చక్రం నేలను వదిలి పట్టు కోల్పోతుంది. మెత్తదనం కావాలంటే కుంగుడును ఓర్చుకోవాలి, కుంగకూడదంటే కుదుపును ఓర్చుకోవాలి. ఉక్కు స్ప్రింగుతో ఈ బేరం తప్పదు. మిర్యాలగూడ రైసుమిల్లుల దారిలో రాత్రిపూట ఎదురొచ్చే వాహనాల హెడ్‌లైట్లు నేరుగా కళ్లలో పడటానికి ఒక కారణం కూడా ఈ కుంగుడే. వెనుక దిగితే ముందు లేస్తుంది, వెలుగు రోడ్డును వదిలి ఎదుటివాడి ముఖం మీదికి పోతుంది.

ఈ రెండు బాధ్యతలనూ విడదీయడమే హైడ్రాలిక్ పద్ధతిలోని కీలకం. అదెలాగో తెలుసుకోవడానికి ట్రాక్టర్ ట్రాలీని చూస్తే చాలు. ఇసుకో ఎరువో దించేటప్పుడు ట్రాలీ కింద ఉన్న జాకీలోకి పంపు నూనెను తోస్తుంది, ట్రాలీ ముందు భాగం పైకి లేస్తుంది. వాల్వు మూసేస్తే నూనె బయటికి పోలేదు కాబట్టి ట్రాలీ ఎక్కడికక్కడ నిలబడుతుంది. నూనె నొక్కుకుపోదు, అందుకే ఎంత బరువైనా ఎత్తు మారదు. బండి నాలుగు చక్రాల దగ్గరా ఇలాంటి చిన్న సిలిండర్లు పెట్టి నూనెతో నింపితే ఎత్తు సమస్య తీరుతుంది, కానీ ఆ బండి రాతి బండ మీద కూర్చున్నట్టే ఉంటుంది. నూనెకు సాగే గుణం లేదు. అందుకని ప్రతి సిలిండర్‌నూ ఒక ఉక్కు గోళానికి కలుపుతారు. గోళం లోపల మధ్యలో రబ్బరు పొర ఉంటుంది, దానికి ఒక పక్క నూనె, మరో పక్క ఎక్కువ పీడనంతో నింపి మూసేసిన నైట్రోజన్ వాయువు ఉంటాయి. చక్రం రాయి ఎక్కగానే సిలిండర్‌లోని నూనె గోళంలోకి పోయి వాయువును నొక్కుతుంది, రాయి దిగగానే వాయువు నూనెను వెనక్కి తోస్తుంది. స్ప్రింగు పని వాయువుది, ఎత్తు పని నూనెది. నూనె గోళంలోకి పోయే మెడ దగ్గర సన్నని రంధ్రాలున్న వాల్వు పెడితే ఆ నూనె ప్రవాహం ఇరుకున పడి వేగం తగ్గుతుంది, దాంతో షాక్ అబ్సార్బర్ పని కూడా అక్కడే జరిగిపోతుంది. గాలికి బదులు నైట్రోజన్ ఎందుకంటే, అంత పీడనం మీద గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిస్తే మండే ప్రమాదం ఉంటుంది, తేమ వల్ల తుప్పు కూడా పడుతుంది. నైట్రోజన్ ఈ రెండు గొడవలూ లేని వాయువు.

ఇక బరువు మారినప్పుడు ఎంత నూనె పోయాలో ఎవరు లెక్క చూస్తారన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు కూడా ట్రాక్టర్‌లోనే ఉంది. వెనుక లిఫ్టుకు ఉండే పొజిషన్ కంట్రోల్ మీటను ఒక గుర్తు దగ్గర పెడితే నాగలి ఆ ఎత్తుకు వచ్చి ఆగిపోతుంది. లిఫ్టు చేతులు లేచేకొద్దీ వాటికి కలిపి ఉన్న కడ్డీ వాల్వును మూస్తూ వస్తుంది, మీట అడిగిన ఎత్తు రాగానే వాల్వు పూర్తిగా మూసుకుంటుంది. నాగలి బరువైనదా తేలికైనదా అన్నది వాల్వుకు పట్టదు, ఎత్తు ఒక్కటే దానికి తెలుసు. సస్పెన్షన్‌లోని ఎత్తు దిద్దే వాల్వు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. జనం ఎక్కి బండి కుంగగానే ఇరుసుకు కలిపిన కడ్డీ వాల్వును తెరుస్తుంది, నూనె లోపలికి వస్తుంది, బండి పాత ఎత్తుకు చేరగానే వాల్వు మూసుకుంటుంది. దిగిపోయినప్పుడు నూనె తిరిగి డబ్బాలోకి పోతుంది. దారిలో వచ్చే ప్రతి గుంతకూ ఇలా తెరుచుకోకుండా ఉండటానికి ఈ వాల్వు కావాలనే నెమ్మదిగా స్పందించేలా చేస్తారు. ఇప్పటి వాహనాల్లో ఆ కడ్డీకి బదులు ఎత్తును కొలిచే సెన్సర్లూ, కంప్యూటరూ ఉంటాయి, సూత్రం మాత్రం మారలేదు. డ్రైవరు ఎత్తు మీట నొక్కడమంటే బండి నిలవాల్సిన గుర్తును కాస్త పైకో కిందికో జరపడం, అంతే.

ఈ ఆలోచనను కారులోకి తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన సిట్రోయెన్ కంపెనీ. ఆ కంపెనీ ఇంజనీరు పాల్ మాజెస్ రూపకల్పనతో 1954లో ట్రాక్షన్ అవాంట్ కారులోని ఒక రకానికి వెనుక చక్రాల వరకు ఈ సస్పెన్షన్ అమర్చారు. 1955లో పారిస్ మోటారు ప్రదర్శనలో విడుదలైన డీఎస్ కారులో నాలుగు చక్రాలకూ పెట్టారు. డీఎస్‌లో సీటు పక్కన ఒక మీట ఉండేది. దాన్ని పై గుర్తుకు జరిపితే కారు మొత్తం లేచేది. టైరు మార్చాలంటే జాకీతో పనిలేదు. కారును పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక దన్నుకడ్డీ నిలబెట్టి, మీటను కింది గుర్తుకు తెస్తే చక్రాలు తామే నేల విడిచి పైకి ముడుచుకునేవి. మొదట్లో వాడిన నూనె తేమను పీల్చుకొని లోపలి భాగాలకు తుప్పు పట్టించేది, అందుకని 1966లో ఆకుపచ్చ రంగు ఖనిజ నూనెకు మారారు. పాత నూనెకు తయారైన సీళ్లకు కొత్త నూనె, కొత్త సీళ్లకు పాత నూనె విషంతో సమానం కావడం వల్లనే రంగును చూసి గుర్తుపట్టేలా చేశారు. ఈ వ్యవస్థలో ప్రధాన పీడనం సుమారు 150 నుంచి 170 బార్ల మధ్య ఉండేది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త అటూఇటూ అని గుర్తు చేసుకుంటే ఆ పీడనం ఎంతటిదో తెలుస్తుంది.

సైన్యాలు కూడా ఈ పద్ధతిని వాడుకున్నాయి. స్వీడన్‌కు చెందిన ఎస్ ట్యాంకుకు తిరిగే టరెట్ (ఫిరంగి ఉండే పై గోపురం) లేదు. ఫిరంగిని పైకీ కిందికీ గురిపెట్టడానికి ట్యాంకు ఒంటినే సస్పెన్షన్‌తో ముందుకూ వెనక్కూ వంచేవారు. జపాన్ టైప్ 74 ట్యాంకు ఎత్తు మార్చుకోవడమే కాక ఏ పక్కకైనా ఒరగగలిగేది. మన దేశంలో చెన్నై దగ్గరి ఆవడి పరిశోధనశాల రూపొందించిన అర్జున్ ట్యాంకు సస్పెన్షన్‌లో కూడా నూనె, నైట్రోజన్ కలిసే పనిచేస్తాయి.

పౌర వాహనాల్లో, రాళ్లదారికి ఉద్దేశించిన బండ్లలో ఈ పద్ధతిని ఎక్కువ కాలం నమ్ముకున్నది టయోటా. 1998లో వచ్చిన ల్యాండ్ క్రూయిజర్ 100 శ్రేణిలో యాక్టివ్ హైట్ కంట్రోల్ పేరుతో దీన్ని ఇచ్చింది. అదే కుటుంబానికి చెందిన లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాల్లో ఇప్పటికీ కొనసాగిస్తున్నది. 100 శ్రేణిలో కింద, మామూలు, పైన అని మూడు ఎత్తులుంటాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సిట్రోయెన్‌లో బరువంతా వాయువు మీదే ఉంటే, టయోటా ఉక్కు స్ప్రింగులను తీసేయలేదు. బరువులో కొంత ఉక్కు మోస్తుంది, మిగిలింది నూనె, వాయువు మోస్తాయి. 100 శ్రేణిలో ముందు వైపు మెలిపడి బరువు మోసే టోర్షన్ బార్లు, వెనుక వైపు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. నూనె మొత్తం కారిపోయినా బండి పూర్తిగా కూలబడకుండా ఉక్కు కాపాడుతుంది. అడవి మధ్యలో చిక్కుకున్నప్పుడు అదే ఇంటికి చేరుస్తుంది కాబట్టి ఇది ఎంతో దూరదృష్టి ఉన్న నిర్ణయం.

ఈ పంపకానికి ఒక పర్యవసానం ఉంది. ఈ బండ్ల యజమానుల్లో చాలామంది దీన్ని అనుభవించే ఉంటారు కానీ కారణం తెలిసిన వాళ్లు తక్కువ. బండిని పై ఎత్తుకు లేపితే నడక గట్టిబడుతుంది. పైకి లేచినప్పుడు ఉక్కు స్ప్రింగు సాగుతుంది, సాగిన స్ప్రింగు తక్కువ బరువు మోస్తుంది, అది వదిలేసిన బరువు నూనె మీద పడుతుంది. నూనె పీడనం పెరిగి వాయువు మరింత నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన వాయువు గట్టి స్ప్రింగు. అచ్చంగా వాయువు మీదే నిలిచే బండిలో అయితే ఎత్తు మారినంత మాత్రాన వాయువు మీది బరువు మారదు కాబట్టి, ఆ కారణంగా గట్టిదనం రాదు. రెండు వ్యవస్థలనూ ఒకే పేరుతో పిలుస్తున్నా వాటి స్వభావం ఒకటి కాదు.

వాయువు స్వభావాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడటం అవసరం. గోళంలో ఉన్న నైట్రోజన్ ద్రవ్యరాశి మారదు. బరువు రెట్టింపైతే దాని పీడనం రెట్టింపై, అది ఆక్రమించే చోటు సగానికి తగ్గుతుంది. స్ప్రింగు గట్టిదనం పీడనానికి అనులోమంగా, చోటుకు విలోమంగా ఉంటుంది. అంటే బరువు రెండింతలైతే గట్టిదనం నాలుగింతలవుతుంది. అంత మార్పు నిజ జీవితంలో అరుదు కానీ, ఒక చక్రం మీద బరువు 30 శాతం పెరిగినా గట్టిదనం సుమారు 70 శాతం పెరుగుతుంది. నిండుగా మనుషులు ఎక్కినప్పుడు ఉక్కు స్ప్రింగు బండి నెమ్మదిగా ఊగుతూ పోతే, హైడ్రాలిక్ బండి బిగువుగా పోవడానికి ఇదే మూలం. ఎయిర్ సస్పెన్షన్ ఈ రెంటికీ నడిమధ్యన ఉంటుంది. బరువు పెరిగినప్పుడు అందులో కంప్రెసర్ కొత్తగా గాలిని చేరుస్తుంది, చోటు మారదు, పీడనం మాత్రమే మారుతుంది. బరువుతో పాటే గట్టిదనం కూడా అదే పాళ్లలో పెరగడం వల్ల బండి ఊగే తీరు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. కూర్చున్న వాళ్ల సుఖం ఒక్కటే కొలమానమైతే ఈ విషయంలో గాలిదే పైచేయి.

మరి నూనెకు ఉన్న మేలు ఏమిటంటే పీడనం. ఒక చక్రం మీద 600 కిలోల బరువు ఉందనుకుంటే, 100 బార్ల నూనె దాన్ని మోయడానికి పది రూపాయల బిళ్ల అంత వెడల్పున్న పిస్టన్ దాదాపు సరిపోతుంది. ఏడు బార్ల గాలితో అదే బరువు మోయాలంటే నాలుగంగుళాలకు మించిన వెడల్పున్న గాలి తిత్తి కావాలి. చిన్న సిలిండర్ చక్రం దగ్గర ఇరుకు చోట్లో ఇముడుతుంది, మందమైన ఉక్కు గోడ రాయి తగిలినా తట్టుకుంటుంది, రబ్బరు తిత్తికి కంప రాసుకుంటుందన్న భయం ఉండదు. పీడనం నిల్వ చేసిన అక్యుములేటర్ ఉంటే నూనె బండిని చకచకా లేపుతుంది. రేంజ్ రోవర్, డిఫెండర్ లాంటి వాహనాలు గాలినే నమ్ముకున్నాయి, వాటికీ రాళ్లదారిలో మంచి పేరే ఉంది. కనుక ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనడానికి లేదు. అయితే వై62 తరం నిస్సాన్ ప్యాట్రోల్‌లో ఉండే హైడ్రాలిక్ బాడీ మోషన్ కంట్రోల్‌నూ, కొన్ని టయోటా వాహనాల్లోని కేడీఎస్ఎస్‌నూ ఈ జాబితాలో కలపడం పొరపాటు. అవి మలుపుల్లో ఒరగకుండా ఆపడానికీ, రాళ్ల మీద చక్రాలు స్వేచ్ఛగా కదలడానికీ నూనెను వాడతాయి, బండి ఎత్తును మార్చవు.

ఎత్తు పెరిగితే ఏం ఒరుగుతుందో లెక్క వేసి చూడాలి. ల్యాండ్ క్రూయిజర్ 100 శ్రేణి ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2850 మిల్లీమీటర్లు. అడుగు భాగం నేల నుంచి 225 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, బండి కడుపు తగలకుండా దాటగల గట్టు కోణం, టైరు గుండ్రదనాన్ని వదిలేసిన స్థూల లెక్కలో, సుమారు 18 డిగ్రీలు. మరో 50 మిల్లీమీటర్లు లేపితే అది దాదాపు 22 డిగ్రీలవుతుంది. నాలుగు డిగ్రీలు వినడానికి స్వల్పం కానీ, చెరువు కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు బండి నడిమికి ఇరుక్కుపోవడానికీ దాటిపోవడానికీ మధ్య తేడా సరిగ్గా అంతే ఉంటుంది. ముందు బంపరు, వెనుక బంపరు నేలకు తగిలే కోణాలు కూడా ఇలాగే మెరుగుపడతాయి.

కానీ బండి ఒళ్లు లేచినంత మాత్రాన ఇరుసు లేవదు. ఒకే ముక్కగా ఉండే ఇరుసుకు నడుమ ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) చక్రాలతో పాటే ఉంటుంది. దాని ఎత్తును నిర్ణయించేది టైరు వ్యాసం ఒక్కటే. ల్యాండ్ క్రూయిజర్‌కు వెనుక అలాంటి ఇరుసే ఉంటుంది. గాడుల నడుమ మిగిలిన గట్టుకు మొదట తగిలేది చాలాసార్లు ఆ హౌసింగే. మీట నొక్కి ధీమాగా ముందుకు పోయిన డ్రైవరు అక్కడే దెబ్బతింటాడు. ఇలాంటి చోట ఎత్తు మీట కంటే మెరుగైన ఉపాయం, ఒక చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి నడపడం. మన జీపు డ్రైవర్లు దీన్ని ఎవరూ నేర్పకుండానే చేస్తారు. అలంపురం, గద్వాల వైపు నల్లరేగడి వానకు నానినప్పుడు చక్రాలు దిగబడ్డాయంటే ఇరుసు బురదను దున్నుతూ పోతుంది, ఒళ్లు ఎంత పైన ఉన్నా లాభం లేదు. అక్కడ టైర్లలో గాలి కాస్త తగ్గించడమే ఎక్కువ పనిచేస్తుంది. డిండి, మూసీ లాంటి నదుల లోలెవెల్ వంతెనల మీదుగా వరద పారుతున్నప్పుడు, రెండంగుళాలు లేచిన బండిని నమ్ముకొని దిగడం ప్రాణాలతో చెలగాటం. నీటి తోపుడును ఆ రెండంగుళాలు ఏమాత్రం తగ్గించవు.

ఎత్తుకు చెల్లించే మూల్యం కూడా ఉంది. ప్రతి చక్రానికీ పైకీ కిందికీ కదలడానికి ఒక మొత్తం ప్రయాణం ఉంటుంది. బండిని లేపితే చక్రం ఆ ప్రయాణంలో కింది కొసకు దగ్గరగా నిలుస్తుంది. రాయి మీదికి ఎక్కడానికి కావలసినంత చోటు ఉంటుంది కానీ, గుంతలోకి దిగి నేలను అందుకోవడానికి మిగిలేది తక్కువ. పైకి లేపిన బండి గుంతల్లో చక్రాన్ని గాలిలో వేలాడదీయడం, దిగువ కొసకు తగిలి టక్కుమనడం ఇందువల్లనే. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండ్లలో వాటికి శక్తినిచ్చే షాఫ్టుల కీళ్లు కూడా ఎక్కువ కోణంలో తిరుగుతూ త్వరగా అరుగుతాయి. బరువు కేంద్రం పైకి పోవడం మరొకటి. చక్రాల మధ్య వెడల్పు 1600 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 750 మిల్లీమీటర్లు అనుకుంటే, బండి పక్కకు పల్టీ కొట్టే ఏటవాలు లెక్క ప్రకారం 47 డిగ్రీల దగ్గర ఉంటుంది. కేంద్రం 50 మిల్లీమీటర్లు పైకి పోతే అది 45కు దిగుతుంది. ఒరిగినప్పుడు స్ప్రింగులు కుంగడం వల్ల నిజమైన హద్దు ఇంతకంటే చాలా ముందే వస్తుంది. అందుకే వేగం పెరగగానే ఈ వాహనాలు పై ఎత్తును తమంతట తామే వదిలి మామూలు ఎత్తుకు దిగుతాయి. కొందరు దీన్ని లోపంగా చెప్పుకొంటారు, నిజానికి అది ప్రాణరక్షణ. పై ఎత్తు కొన్ని నిమిషాల పనికి తీసి, పని కాగానే పెట్టెలో పెట్టేయాల్సిన పనిముట్టు.

ఇక నిర్వహణ. ఈ వ్యవస్థ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూడు మూలాలున్నాయి. మొదటిది గోళాల్లోని నైట్రోజన్ ఏళ్ల తరబడి రబ్బరు పొర గుండా సన్నగా నూనెలోకి జారిపోవడం. ఎక్కడా కారిన గుర్తు కనిపించదు, ఎత్తు సరిగ్గానే ఉంటుంది, బండి మాత్రం రోజురోజుకూ చెక్కబండిలా తయారవుతుంది. రెండోది సీళ్ల దగ్గరో గొట్టాల దగ్గరో నూనె కారడం. లిఫ్టు అరిగిన ట్రాక్టర్ ఇంజను ఆపి రాత్రంతా వదిలితే నాగలి మెల్లగా నేలకు దిగినట్టే, ఈ బండి కూడా తెల్లవారేసరికి ఒక పక్కకో వెనక్కో కుంగి కనిపిస్తుంది. మూడోది ఉక్కు స్ప్రింగులు పాతబడి మెత్తబడటం. ఇది అందరూ మరిచిపోయేది, తరచూ అనవసర ఖర్చుకు దారితీసేది. స్ప్రింగు మోయాల్సిన బరువు మోయకపోతే ఆ భారం నూనె మీద పడి పీడనం పెరుగుతుంది, నడక గట్టిబడుతుంది. గట్టిబడిందని గోళాలు మార్పిస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికి వస్తుంది. ముందు పీడనం కొలిచి, వెనుక కాయిల్ స్ప్రింగులు మార్చి, ముందు టోర్షన్ బార్ల బిగువు సరిచేస్తే, అసలు గోళాల అవసరమే రాకపోవచ్చు. ముందు వైపు ఇనుప బంపరు, వించి, టాపు మీద క్యారియరు లాంటివి బిగించుకునే వాళ్లు ఇదే లెక్కను తలకిందులుగా చూసుకోవాలి. అదనపు బరువంతా నూనె మీదికే పోతుంది, కాబట్టి వాటికి తగ్గ స్ప్రింగు కూడా వేయించాలి.

దక్షిణ తెలంగాణ ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉదయం 25 డిగ్రీలున్న గోళం మధ్యాహ్నానికి 50 డిగ్రీలకు వేడెక్కితే అదే బరువు కింద వాయువు సుమారు ఎనిమిది శాతం వ్యాకోచిస్తుంది, బండి కొంచెం లేస్తుంది, ఇంజను ఆడుతుంటే వ్యవస్థ ఆ మేరకు నూనెను వెనక్కి పంపి ఎత్తును దిద్దుకుంటుంది. ఇది రోగం కాదు. చెల్క నేలల దుమ్ము మాత్రం సహించదగింది కాదు. పిస్టన్ కడ్డీకి అంటుకున్న ఎర్రదుమ్ము సీలును గరుకు కాగితంలా గీస్తుంది. మట్టిదారిన పోయివచ్చాక కడ్డీల మీద రబ్బరు తొడుగులు చిరిగాయేమో చూసి, వాటి చుట్టూ నీళ్లతో కడగడం ఖర్చులేని పని. నూనె విషయంలో కంపెనీ చెప్పిన రకం తప్ప మరేదీ పోయకూడదు. అత్యవసరం పేరుతో ట్రాక్టర్ హైడ్రాలిక్ నూనె పోసిన బండిలో సీళ్లు ఉబ్బినా, నూనె చిక్కదనం మారి వాల్వులు మొరాయించినా మరమ్మతు ఖర్చు ఆ డబ్బా నూనె ధరతో పోల్చలేనంత ఉంటుంది. టైరు మార్చడానికి జాకీ పెట్టే ముందు ఎత్తు వ్యవస్థను ఆపు చేసే మీట నొక్కాలి, లేకపోతే జాకీ మీద ఉన్న బండి తన ఎత్తు తానే దిద్దుకోబోతుంది. నూనె పీడనం మీద నిలిచిన బండి కిందికి, ఇనుప స్టాండ్లు పెట్టకుండా, ఒక్క నిమిషం పనికైనా దూరకూడదు.

పాత బండి కొనదలచినవారు మెకానిక్ షెడ్డుకు పోకముందే సొంతంగా చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. చదునైన నేల మీద బండిని నిలిపి, ప్రతి చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్కను తప్పుదోవ పట్టిస్తుంది. రాత్రంతా వదిలి పొద్దున్నే మళ్లీ కొలిస్తే కారుడు ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత బండిని కింది ఎత్తులో పెట్టి నూనె డబ్బా మీది గీతల్లో మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టుకొని, పై ఎత్తుకు లేపి మళ్లీ చూడాలి. లేచేటప్పుడు నూనె రెండు చోట్లకు పోతుంది. కొంత సిలిండర్లను నింపుతుంది, కొంత పీడనం పెరిగి నొక్కుకుపోయిన నైట్రోజన్ ఖాళీ చేసిన చోట్లోకి పోతుంది. వాయువు నిండుగా ఉన్న గోళాలు ఎక్కువ నూనె తాగుతాయి కాబట్టి డబ్బాలో మట్టం బాగా పడిపోతుంది. వాయువు జారిపోయిన గోళాల్లో నొక్కుకోవడానికి మిగిలిందేమీ ఉండదు, మట్టం కొద్దిగానే కదులుతుంది. కంపెనీ మరమ్మతు పుస్తకం ఎన్ని గీతల తేడా ఉండాలని చెబుతుందో దానితో పోల్చుకుంటే, నాలుగు గోళాల ధరను బేరంలో తగ్గించమని అడగాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.